కరెంటు లేని చోట కరెంటు మీటరు

మన భాషలోకి వచ్చి స్థిరపడిపోయిన పరాయి మాటల్లో "కరెంటు" అంత చనువుగా ఇంట్లో తిరిగే మాట మరొకటి లేదేమో. క్లాసులో "విద్యుచ్ఛక్తి" అని చెప్పే నాబోటి తెలుగు లెక్చరరు కూడా గుమ్మంలో చెప్పులు విడుస్తూ "కరెంటు వుందా?" అనే అడుగుతాడు. "విద్యుచ్ఛక్తి వున్నదా?" అని అడిగితే మా ఆవిడ ముందు నా నుదురు తాకి చూస్తుంది, ఆ తరవాతే జవాబు చెబుతుంది.

ఇంగ్లీషువాడికి మాత్రం ఆ మాట అసలు అర్థం "పారేది" అని. నీరు పారినా కరెంటే, తీగలో విద్యుత్తు పారినా కరెంటే. మనం రెండో అర్థాన్ని ఇంటికి తెచ్చుకుని, మొదటిదాన్ని ఓడరేవులోనే వదిలేసి వచ్చాం. దానివల్ల లోకానికి నష్టం లేదు గాని, మా కుటుంబానికి చిన్న చిక్కు వచ్చిపడింది.

మాది బేస్తవారిపేట. కంభం, గిద్దలూరు, మార్కాపురం వైపు బస్సుల్లో తిరిగేవాళ్ళకు బాగా తెలిసిన వూరు. సముద్రం చూడాలంటే తూర్పుగా నూరు కిలోమీటర్లకు పైగా పోవాలి. అలాంటి వూళ్ళో మా అక్క తన కొడుకు గురించి "మావాడు వైజాగులో కరెంటు మీటర్లు చూస్తాడు" అని చెప్పుకుంది. ఇహ చెప్పేదేముంది? వాడు పండక్కి వచ్చినప్పుడల్లా నలుగురు బిల్లులు పట్టుకుని వస్తారు. "బాబూ, ఫ్యాను తప్ప మాకేమీ లేదు, ఇంతెందుకు వస్తోందో కాస్త చూడు" అంటారు. వాడూ మొహమాటస్తుడు. ఒక్కొక్క బిల్లూ తీరిగ్గా చూసి పంపిస్తాడు.

వాడు చూసే మీటర్లు గోడకు వుండవు. సముద్రంలో వుంటాయి. సముద్రం లోపల నీరు ఏ దిక్కుకు, ఎంత వేగంగా పారుతున్నదో కొలుస్తాయి. మనం ఒడ్డున నిలబడి చూసే అలలు వేరు, లోపలి పారుదల వేరు. మన తూర్పు తీరం వెంట ఒక పెద్ద ప్రవాహం వుంది. నది మల్లే గట్లు లేవు గాని, నదికన్నా ఎన్నో రెట్ల నీరు. ఎండాకాలం ముందు అది ఉత్తరంగా, ఒరిస్సా వైపుకు పారుతుంది. తుఫానుల కాలం వచ్చేసరికి తిరిగి దక్షిణంగా, మద్రాసు వైపుకు పారుతుంది. ఏటా దిక్కు మార్చుకునే యేరు అన్నమాట. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు 2009 నుంచి విశాఖకూ కాకినాడకూ ఎదురుగా సముద్రంలో ఇలాంటి పరికరాలను కట్టి దాని నడక రాసుకున్నారు.

దానివల్ల మనకేమిటి అంటారా? ఇంజను చెడిపోయిన మరపడవ ఏ దిక్కుకు కొట్టుకుపోతుందో చెప్పేది ఆ పారుదలే. హైదరాబాదులో 1999లో పెట్టిన సముద్ర సమాచార కేంద్రంవారు, తప్పిపోయినవాళ్ళను ఎక్కడ వెతకాలో లెక్కగట్టి చెప్పే ఏర్పాటు ఒకటి 2016 నుంచి నడుపుతున్నారు. గాలి ఎటు, నీరు ఎటు అన్న రెండూ తెలిస్తేగాని ఆ లెక్క నడవదు. గాలి సంగతి చెప్పేవాళ్ళు చాలామంది వున్నారు. నీటి సంగతి చెప్పాలంటే నీటిలోనే ఎవరో ఒకరు వుండాలి.

ఈ "ఎవరో ఒకరు" నీటిలో వుండి ఏం తిని బతకాలి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కరెంటును కొలిచే మీటరుకు కరెంటు ఎక్కడనుంచి వస్తుంది?

పూర్వం ఈ బాధ లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్వీడను దేశపు ఎక్మన్ అనే శాస్త్రజ్ఞుడు చేసిన మీటరుకు కరెంటే అక్కరలేదు. చిన్న చక్రం నీటికి తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క పడుతుంది. లోపల గోలీలవంటి కంచు గుండ్లు ఒక్కొక్కటే జారి, దిక్సూచి ముల్లు చూపిన గదిలో పడతాయి. ఏ గదిలో ఎన్ని గుండ్లు పడ్డాయో చూసి నీటి దిక్కు తెలుసుకునేవారు. మహా చక్కని యుక్తి. అయితే ఓడ పైన కదలకుండా నిలిచి వుండాలి, మనిషి తాడు పట్టుకుని వుండాలి. ఓడ వెళ్ళిపోతే కొలతా వెళ్ళిపోతుంది.

నదుల మీదా కాలవల మీదా వాడే గిన్నెల మీటరు ఇంకా పాతది. 1882లో అమెరికాలో ప్రైస్ అనే ఇంజనీరు చేశాడు. నా చిన్నతనంలో ఒక కాలవ గట్టున దాన్ని చూశాను. ఇంజనీరాఫీసు మనిషి చెవులకు గొట్టాలు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. జపం చేస్తున్నాడు కాబోలనుకున్నాను. గిన్నెలు ఒకసారి తిరిగినప్పుడల్లా చెవిలో "టిక్కు" మంటుందట. ఆ టిక్కుల్ని లెక్కపెడుతున్నాడు. ఆ టిక్కుకు ఒక చిన్న బ్యాటరీ చాలు.

ఇప్పటి మీటరులో తిరిగేది ఏమీ లేదు. అది కూత వేస్తుంది, చెవి ఒగ్గి వింటుంది. మన చెవికి అందని కూత అది. నీటిలో తేలే నలుసులకూ కంటికి ఆనని పురుగులకూ తగిలి, కూత ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. కంభం స్టేషన్లో ఆగని రైలు మనవైపుకు వస్తున్నప్పుడు కూత సన్నగానూ, దాటిపోయాక బొంగురుగానూ వినిపిస్తుంది గదా! ఆస్ట్రియాకు చెందిన డాప్లర్ 1842లో చెప్పిన సూత్రం అదే. ఆ నలుసులు నీటితోపాటు దగ్గరికి వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా అన్నది ప్రతిధ్వని స్థాయిలోని తేడాను బట్టి పెట్టె లెక్క కడుతుంది. ఒక్కచోట కూర్చుని తన పైనున్న నీటినంతా అంతస్తులు అంతస్తులుగా కొలుస్తుంది.

కూత వెయ్యాలంటే శక్తి కావాలి. ఆ శక్తి ఎంతో గొప్ప యంత్రంలోంచి వస్తుందనుకున్నాను. మావాడు నవ్వి, తలుపు వెనక తగిలించిన నా మూడు సెల్సుల టార్చిలైటు తీసి చూపించాడు.

"ఈ సెల్సే మామయ్యా. ఇలాంటివి 28 ఒకదాని వెనక ఒకటి కట్టి పెడతాం. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టు. మొత్తం 42. అది ముప్పైకి దిగిందంటే ఇహ దాని పని అయిపోయినట్టే."

ఆ గొట్టం మూత బిగించి, దాన్ని తాడుకు కట్టి, కింద బరువు, మీద తేలే బుంగలు తగిలించి, సముద్రంలో వదిలి ఓడ వచ్చేస్తుంది. మళ్ళీ ఏడాదికి గాని అటు పోరు. ఏడాది పొడుగునా ఆ ఇరవై ఎనిమిది సెల్సే దాని అన్నమూ, నీళ్ళూ.

నేను సైన్సు చదివినవాణ్ణి కాను గాని ప్రశ్నలు వెయ్యడం నా వృత్తి. "తీగ వేసి ఒడ్డునుంచి కరెంటు ఇవ్వకూడదట్రా?" అన్నాను.

"ఇస్తారు. రేవు గోడ పక్కన పెట్టేవాటికి అలాగే ఇస్తారు. అప్పుడు దానికి లోటే లేదు. క్షణం క్షణం కొలవొచ్చు, కొలిచింది అప్పటికప్పుడు ఒడ్డుకు పంపొచ్చు. అయితే మన పెదనాన్న బోరు సంగతి నీకు తెలుసుగా?"

తెలియకేం! ఆ బోరు లైను చివర వుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నిక్షేపంగా వున్న కరెంటు, తీగ పొడుగునా తరుగుతూ అక్కడికి వచ్చేసరికి నీరసపడుతుంది. మోటారు మూలుగుతుంది గాని తిరగదు. ఎన్నిసార్లు కాలిందో లెక్కలేదు. సముద్రంలోనూ అదే తంతు. దూరం పెరిగేకొద్దీ తీగలోనే శక్తి తరిగిపోతుంది. అందుకని మొదట్లోనే ఎక్కువ ఒత్తిడితో పంపి, అక్కడ దింపుకోవాలి. కెనడావారు పసిఫిక్ సముద్రంలో 800 కిలోమీటర్ల తీగ ఇలాగే పరిచారు. ఒడ్డున పదివేల వోల్టులు ఎక్కించి, సముద్రం అడుగున 400కు దించుకుంటారు. అది కుబేరుల వ్యవహారం. పైగా తీగకు లంగర్లు తగులుకుంటాయి, వలలు తగులుకుంటాయి. అతుకు దగ్గర చుక్క వుప్పునీరు దూరిందా, కరెంటు దొంగదారి పట్టి ఆ లోహాన్నే తినేస్తుంది.

"మరి నీళ్ళు కదులుతూనే వున్నాయిగా! ఆ కదలికతోనే చక్రం తిప్పి కరెంటు తీసుకోరాదూ?"

ఈ ప్రశ్నకు వాడు కాస్త మెచ్చుకోలుగా చూశాడు. అయితే జవాబు మాత్రం పెదవి విరుపే. నీటి వేగం సగమైతే అందులోంచి వచ్చే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుందట. సముద్రం లోపలి పారుదల మెల్లనిది. పైగా చక్రం పెడితే అది తిరగడానికే నీటిని అడ్డుకుంటుంది. కొలవవలసినదాన్నే చెడగొట్టినట్టు. నాలుగు నెలల్లో గుల్లలు పట్టి ఆ చక్రమూ ఆగుతుంది. ఎండతో నడిపే పలకలు నీటి మీద తేలే బోయాలకు పనికొస్తాయి, లోతున వెలుగేదీ? లిథియం సెల్సు బలమైనవే గాని ఖరీదు ఎక్కువ, ఓడల మీద తీసుకుపోవడానికి జాగ్రత్తలూ ఎక్కువ. మామూలు సెల్సు మాత్రం సాధుజీవులా? మూసిన గొట్టంలో వాయువు వదిలితే విప్పేటప్పుడు పేలే ప్రమాదం వుంది. అందుకని విప్పేవాడు మూతకు ఎదురుగా ముఖం పెట్టకూడదట. ఈ మాట మా అక్క చెవిన వెయ్యవద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. ఈ పత్రిక మా అక్క చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి మరొకటి. బరువును వదిలించుకుని పెట్టె పైకి రావాలంటే, ఓడవాళ్ళు నీటిలోకి ఒక సంకేతపు కూత వేస్తారు. కింద వున్న కొక్కెం అది విని ఊడుతుంది. ఆ కొక్కేనికి వేరే బ్యాటరీ. కొలతల కోసం ఎంత అవసరం వచ్చినా దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. మా అమ్మ తిరునాళ్ళకు పోయేటప్పుడు తిరుగు బస్సు ఛార్జీ కొంగున ముడివేసుకునేది. పిల్లలు బొమ్మల కోసం ఎంత ఏడ్చినా ఆ ముడి విప్పేది కాదు. సముద్రంలో కూడా కొంగుముళ్ళు వుంటాయని ఆ రోజు తెలిసింది.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు మునుపటిలా లేడు. గారెలు వడ్డిస్తే లెక్కలు వేసుకుంటూ తింటున్నాడు. రాత్రి పెరట్లో మంచాలు వేసుకున్నాక సంగతి బయటపడింది.

కిందటి దఫా దించిన పెట్టెకు, కొలతలు చాలా సూక్ష్మంగా రావాలని పైవారు కోరారు. కూతలు ఎక్కువ వేస్తే పొరపాటు తగ్గుతుంది. కాని ఆ బేరం మహా గిరాకీది. పొరపాటును సగానికి తగ్గించాలంటే కూతలు నాలుగింతలు వెయ్యాలి, సెల్సు నాలుగింతలు ఖర్చు కావాలి. లెక్క వేసి, 13 నెలలు వస్తాయన్నారు. ఓడ 12వ నెలలో వెళ్ళాలి. ఏవో మరమ్మతులని ఓడ ఆలస్యమైంది. పెట్టెను పైకి తీసి చూస్తే, అది నవంబరు మధ్యలోనే ఆఖరి మాట రాసి ఆగిపోయింది. డిసెంబరులో తుఫాను సరిగ్గా దాని నెత్తిమీద నుంచే పోయింది. ఏడాదంతా ప్రశాంతంగా వున్న నీటిని అతి సూక్ష్మంగా కొలిచిన పెట్టె, తుఫాను నాడు ఒక్క అక్షరం రాయలేదు.

"చెరిపేసిన పద్యమైతే ఎవరికో ఒకరికి నోటికి వచ్చి వుంటుంది మామయ్యా. ఆ రోజు నీళ్ళు ఎటు పారాయో ఇహ ఎవరూ చెప్పలేరు," అన్నాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు వాడు అక్కడే చదువుకుంటున్నాడు. స్తంభాలు కూలి, రోజుల తరబడి వూరు చీకట్లో వుంది. హాస్టల్లో కొవ్వొత్తి వెలుతురులో కూర్చుని, "ఒడ్డున అన్నీ ఆగిపోయిన వేళ అడుగున ఒక పెట్టె మేలుకుని వుంటే ఎంత బాగుండును" అనుకున్నాడట. ఈ చదువు పట్టడానికి అదే కారణం. అందుకే వాడికి అంత బాధ. ఈ దఫా లెక్క పత్రం నింపవలసింది వాడే. మళ్ళీ సూక్ష్మంగా కొలవమని పైనుంచి ఒత్తిడి. "నువ్వయితే ఏం చేస్తావు?" అని నన్నడిగాడు.

నేను జవాబు వెతుక్కుంటుండగా మా అత్తగారు పక్క మంచం మీద లేచి కూర్చున్నారు. నిద్రపోయారనుకున్నాం. ఆవిడ మా దగ్గరే వుంటారు. పుట్టింది దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి ఆవిడ పెంకుటింటి దూలం పట్టుకుని బతికారు. పన్నెండేళ్ళ తమ్ముడు చెయ్యి జారిపోయాడు. వేలమంది పోయిన ఆ రాత్రిలో ఆ పిల్లవాడి జాడ ఇప్పటికీ లేదు. ఆవిడ ఆ మాట ఎత్తడం నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో రెండుసార్లో మూడుసార్లో విన్నాను.

"అబ్బాయీ, ఆ పెట్టె వుంటే నీళ్ళు మనిషిని ఎటు తీసుకుపోయిందీ చెబుతుందా?" అన్నారు.

వాడు వెంటనే జవాబివ్వలేదు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. "అది వూళ్ళమీద పడిన ఉప్పెన సంగతి చెప్పలేదు అమ్మమ్మగారూ. తుఫానును ముందే చెప్పలేదు, ఆపనూ లేదు. సముద్రంలో నీళ్ళు ఎటు పోయిందీ మాత్రం చెబుతుంది. వెతికేవాళ్ళు వేసే లెక్కలు సరో కాదో దాన్ని చూసి దిద్దుకుంటారు."

"అంత పొడుగు లెక్కలు నాకెందుగ్గాని, సుమారుగా చెబితే చాలదూ? ఫలానా దిక్కుకు పోయాడు అంటే చాలు. అంగుళాలతో సహా ఎవరడిగారు? ఆ వేళకు అది మెలకువగా వుండాలి గాని."

ఆ తరవాత ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఆవిడ దుప్పటి కప్పుకుని పడుకున్నారు. వాడు మాత్రం దీపం వేసుకుని కాగితాలు ముందేసుకున్నాడు.

మర్నాడు కాఫీ తాగుతూ తన నిర్ణయం చెప్పాడు. గంటకోసారి కొలవడం మానడు. కాని ప్రతి గంటకూ వేసే కూతలు సగానికి సగం తగ్గిస్తాడు. చిత్రమేమంటే, కూతలు సగమైతే పొరపాటు రెండింతలు కాదు, నూటికి నలభై వంతులే పెరుగుతుంది. ఒక్కొక్క గంట లెక్క కాస్త మసకగా వుంటుంది. ఇరవై నాలుగు గంటల లెక్కా కలిపి సగటు తీస్తే ఆ మసక చాలావరకు పోతుంది. సెల్సు మాత్రం 20 నెలలకు తగ్గకుండా వస్తాయి. ఓడ ఎంత ఆలస్యమైనా ఒక తుఫానుల కాలం తప్పిపోదు.

మా పక్కనే వున్న కంభం చెరువు గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలంలో కట్టింది. ఆ చెరువు కింద సేద్యం చేసేవాళ్ళకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. చెరువులోని నీరు చూసి, తూము ఎంత ఎత్తాలో, ఎన్నాళ్ళు వదలాలో ముందే చూసుకుంటారు. మొదట్లో మడి నిండా కట్టి, పొట్టమీదున్న పైరును ఎండబెట్టుకునే రైతును ఎవరూ రైతు అనరు. నెల జీతం మీద బతికే మనబోటివాళ్ళ సంగతి మాత్రం వేరేనా? ఒకటో తారీకు వైభోగానికేం, అందరమూ జమీందార్లమే. ఇరవై ఎనిమిదో తారీకు రాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి ఇంట్లో డబ్బుందా లేదా అన్నదే సంసారం. తీగ తగిలించుకుని బతికేవాళ్ళకు ఈ చింత లేదు. కాని ఆ తీగ తెగే రోజూ, మన అవసరం పడే రోజూ తరచు ఒకటే అవుతుంటాయి. అందుకని రెండూ వుండవలసిందే అంటాడు మావాడు. రేవుల్లో తీగా వుండాలి, లోతుల్లో సెల్సూ వుండాలి.

పైవారు మొదట ససేమిరా అన్నారట. కాగితం మీద రెండు దఫాల లెక్కలూ పక్కపక్కన వేసి చూపిస్తే, చివరికి సంతకం పెట్టారు. ఫిబ్రవరిలో ఓడ వెళ్ళింది. ఒక మధ్యాహ్నం సెల్సు వోల్టులు ఆఖరిసారి చూసి, మూత బిగించి, సముద్రంలోకి వదిలారు. ఈ వారం పత్రిక మీ చేతికి వచ్చే వేళకు అది తన పని తాను చేసుకుంటూ వుంటుంది. గంటకోసారి మేలుకుని, కూత వేసి, విని, రాసుకుని, మళ్ళీ పడుకుంటుంది.

మా వూళ్ళో బిల్లులు పట్టుకొచ్చేవాళ్ళు ఇంకా వస్తూనే వున్నారు. వాడు లేనప్పుడు నాకే ఇచ్చిపోతున్నారు. మా అత్తగారు మాత్రం వాడు ఫోను చేసినప్పుడల్లా, కుశలప్రశ్నలన్నీ అయ్యాక, ఫోను తన చేతికి తీసుకుని ఒకే ఒక్క మాట అడుగుతారు.

"అబ్బాయీ, దాని సెల్సు బాగానే వున్నాయా?"

"పైకి తీస్తేగాని తెలియదు అమ్మమ్మగారూ" అంటాడు వాడు.

"సరేలే, మెలకువగా వుంటే చాలు" అని ఆవిడ ఫోను మా ఆవిడ చేతికిచ్చి పనిలో పడిపోతారు.